బాలింతల పచ్చికకి ఎవరి ఎరువు?

వరహాలమ్మకి అయిదేళ్లు. పొద్దున్నే లేచి, తన గుడ్డు పెట్టకముందే, పక్క గంపల్లో ఎవరు ఎంత గుడ్డు పెట్టారో చూసి రావడం ఆవిడ అలవాటు.

కోడిపెట్టకి అయిదేళ్లంటే చిన్న వయసేం కాదు. మనవలూ మునిమనవలూ కళ్లం నిండా తిరుగుతున్నారు. అయినా ఆ తనిఖీ మానలేదు. ఎక్కడైనా పెద్ద గుడ్డు కనిపిస్తే, "ఉంటే ఉంది గానీ, పెంకు చూడు, ఉల్లిపొరలా ఉంది" అనుకుని మనసు కుదుటపడ్డాక వచ్చి తన గంపలో కూర్చునేది.

ఆ కళ్లం కొండ కింద ఉంది. ఒక పక్క గేదె గవరమ్మ పాక, ఇంకో పక్క మేకల దొడ్డి, నడుమ కోళ్ల గూడు. గూటి పైకప్పు మీద కోడిపుంజు వీరాస్వామి. తను కూయకపోతే సూర్యుడు రాడని ఆయన నమ్మకం. ఒకసారి గొంతు పట్టేసి వారం రోజులు కూయలేకపోయాడు. సూర్యుడు వచ్చాడు. "నా మీద గౌరవంతో వచ్చాడు" అన్నాడు వీరాస్వామి. అందరూ తలూపారు. ఆ కళ్లంలో వీరాస్వామి చెప్పినదానికి తలూపడం అందరికీ చిన్నప్పటి నుంచీ అలవాటు.

మేక పైడమ్మ కిందటేడు ఇద్దరు పిల్లల్ని ఈనింది. దగ్గర్లో పచ్చగడ్డి లేదు. తింటేగానీ పాలు పడవు. నాలుగో రోజునే, ఒళ్లింకా పచ్చిగా ఉండగానే, పిల్లల్ని వెంటబెట్టుకుని కొండ మీదికి మేతకి వెళ్లింది. ఒక్కతీ తిరిగొచ్చింది. పొదల్లో గుంటనక్క జోగులు ఉన్నాడు. ఇప్పుడు పైడమ్మ మళ్లీ కడుపుతో ఉంది. చిన్నప్పుడు తల్లి చచ్చిపోతే వరహాలమ్మ గంప పక్కన ముడుచుకుని పెరిగిన పిల్ల అది. వరహాలమ్మని "పిన్నీ" అంటుంది.

అందుకే కళ్లం సభలో వరహాలమ్మ నోరు విప్పింది.

"వెనక బీడు ఖాళీగానే ఉంది కదా. అక్కడ పచ్చిక వేస్తే బాలింతలు కొండెక్కక్కర్లేదు."

ఎవరూ తల తిప్పలేదు. ఎవరో గోక్కున్నారు. ఎవరో ఆవలించారు. ఇంతలో వీరాస్వామి గొంతు సవరించుకున్నాడు.

"నాకొక ఆలోచన వచ్చింది. వెనక బీడు ఖాళీగా ఉంది. అక్కడ పచ్చిక వేస్తే బాలింతలు కొండెక్కక్కర్లేదు."

"ఆహా!" అంది సభ. "ఎంత ముందుచూపు!"

గేదె గవరమ్మ మాత్రం నెమరు ఆపి, వరహాలమ్మ వైపు వంగింది. "వదినా, ఆ మాట ఇందాక నువ్వన్నదే కదూ?"

"ఎవరంటే ఏముంది వదినా, పని జరిగితే చాలు" అంది వరహాలమ్మ. నిజంగానే ఆవిడకి వీరాస్వామి మీద కోపం రాలేదు. మగవాడు మాట ఎత్తుకుపోవడం ఎండాకాలంలో ఎండ కాయడం లాంటిదని ఆవిడ లెక్క. ఎండ మీద ఎవరలుగుతారు?

పని మొదలైంది. గవరమ్మ కొమ్ములతో బీడు తవ్వింది. మేకలు గడ్డలు తొక్కి మెత్తన చేశాయి. పిచ్చుకలు కాలువ గట్టు మీది మెత్తగడ్డి గింజలు ముక్కున కరుచుకొచ్చాయి. వీరాస్వామి పైకప్పు మీద నిలబడి పర్యవేక్షించాడు. ఇక ఎరువు మాటొచ్చింది.

"గింజకి ముందు వేరు పట్టాలి. ఆకు సంగతి తర్వాత" అంది గవరమ్మ. "లేత వేరుకి చల్లటి ఎరువు కావాలి. నా పాక వెనక కుప్ప అడుగున రెండేళ్లనాటిది ఉంది. నల్లగా, పొడిపొడిగా, వాసన కూడా లేకుండా మాగింది. దాన్ని పల్చగా చల్లి, మట్టిలో కలిపి, పైన గింజ వేద్దాం. మొలక నాలుగు వేళ్ల ఎత్తు లేచేదాకా ఇంకేమీ ముట్టించొద్దు. తడి ఆరకుండా చూస్తే చాలు."

"మరి మాది?" అంది వరహాలమ్మ.

"మీదా?"

"మేమూ ఈ కళ్లంలోనే తింటున్నాం, ఈ కళ్లంలోనే వేస్తున్నాం. మాది ఎరువు కాదా?"

"కాదని ఎవరన్నారు వదినా? మాకంటే మీదే బలం. ఆ బలంతోనే చిక్కు. పచ్చిది వేడి. లేత మొలక ఓర్చుకోలేదు, మాడిపోతుంది. ఎండుగడ్డిలో కలిపి ఆరు నెలలు మాగబెట్టు. వచ్చే ఏడు దాన్ని మించింది ఉండదు."

బలమన్న మాట వరహాలమ్మ చెవికి ఎక్కలేదు. వచ్చే ఏడు అన్న మాటా ఎక్కలేదు. ఎక్కింది ఒక్కటే: వద్దు.

మర్నాటి నుంచి ఆవిడకి కడుపులో నిప్పుముక్క పెట్టినట్టయింది. గవరమ్మ పేడ ఎటు పోయినా మర్యాదే. మనుషులు రెండు చేతులా ఎత్తుకెళ్తారు. గోడకి పిడకలు కొడతారు. వాకిట్లో కళ్లాపి చల్లుతారు. అదే తన రెట్ట అరికాలికి అంటితే "ఛీ" అని గట్టుకేసి రాస్తారు. ఎందుకు? అదీ తిన్నదే వేస్తుంది, నేనూ తిన్నదే వేస్తాను. అది కొండంత ఒళ్లేసుకుని పడుకుంటే వేళకి గడ్డి ముందుకొస్తుంది. నేను రోజంతా కాళ్లరిగేలా గీరితేగానీ గింజ దొరకదు. పైగా రోజుకో గుడ్డు. నా కష్టంలోంచి వచ్చింది వేడీ, దాని సోమరితనంలోంచి వచ్చింది చల్లదనమూనా!

వీరాస్వామి మాట ఎత్తుకుపోతే పుట్టని మంట, గవరమ్మ పేడకి జరిగిన మర్యాద చూసి పుట్టింది. ఆడవాళ్ల మంటకి ఎప్పుడూ ఇదే జబ్బు. ఎదురుగా పైకప్పు మీద వాడుండగా, అది పక్క పాకలోకే పాకుతుంది.

గింజ మొలిచింది. బీడంతా పసిపిల్ల తలమీది నూగులా లేత ఆకుపచ్చ. గవరమ్మ రోజూ సాయంత్రం కాలువలో మునిగి, ఒంటి నిండా నీళ్లతో వచ్చి, పచ్చిక అంచున నిలబడి ఒళ్లు విదిలించేది. చిన్న వాన పడ్డట్టు ఉండేది. కడుపు బరువుతో పైడమ్మ దొడ్డి గుమ్మంలోంచి చూసి, "అత్తా, నీ వాన మా ఇంటిదాకా వస్తోంది" అని నవ్వేది.

ఆ నవ్వు కూడా వరహాలమ్మ లెక్కలో గవరమ్మకే పడింది.

ఒక మధ్యాహ్నం, కళ్లమంతా కునుకు తీస్తున్న వేళ, ముళ్లకంచె అవతల గుంటనక్క జోగులు కూర్చుని ఉన్నాడు.

"అక్కా."

"కంచె అవతలే ఉండు" అంది వరహాలమ్మ.

"అవతలే ఉన్నాను. అయినా నిన్ను తినడానికి నీలో ఏముందక్కా? అయిదేళ్ల ఒళ్లు. పళ్లు పోతాయి."

వరహాలమ్మ ఈకలు నిక్కబొడుచుకున్నాయి. "అంటే, పక్క గంపలో ఏడాది పిల్ల అయితే తింటావన్నమాట!"

తినదగ్గవాళ్ల జాబితాలో కూడా పేరు లేదని నొచ్చుకునే కోడిని జోగులు అంతవరకు చూడలేదు. ఈవిడతో పని సులువని ఆ ఒక్క మాటతోనే తెలిసిపోయింది.

"పచ్చిక బాగా లేచిందక్కా. దారిన పోయేవాళ్లంతా గవరమ్మ ఎరువు, గవరమ్మ ఎరువు అంటున్నారు."

"అంటారు, అంటారు."

"నాకు మాత్రం అనుమానమే. ఇంతెత్తు మొలక, ఆకు ఇంకా పాలిపోయి ఉంది. బలం చాలట్లేదు."

"చాలట్లేదా?"

"చూస్తే తెలీట్లేదూ? కొండ మీద కోళ్లు తిరిగిన చోట గడ్డి ఎలా ఉంటుందో నేను చూశాను కదా. నల్లగా నిగనిగలాడుతుంది. నీ ఎరువు పదింతలు బలం. అది తెలిసే నిన్ను పక్కకి నెట్టింది. ఆరు నెలలు మాగాలట! ఆరు నెలల్లో నీ పేరు ఎవరికి గుర్తుంటుంది?"

వరహాలమ్మ ఒంటికాలి మీద నిలబడి ఆలోచించింది. "నీకేంటి లాభం?"

"లాభమా? అన్యాయం చూస్తూ ఊరుకోలేని పాడు గుణం నాది. దానివల్లే అడవిలో ఇలా ఒంటరిగా మిగిలిపోయాను" అన్నాడు జోగులు కళ్లు తుడుచుకుంటూ. "చెప్పేది విను. పచ్చిది, వేడి మీద ఉండగానే, మిట్టమధ్యాహ్నం వెయ్యి. ఎవరూ చూడరు. ఆ గేదె నీళ్లు మాత్రం పడనివ్వకు. బలమంతా కొట్టుకుపోతుంది. వారం తిరిగేసరికి పచ్చిక చూసి కళ్లం కళ్లమంతా నీ కాళ్లు కడగాలి."

ఆ సాయంత్రమే వరహాలమ్మ గవరమ్మ పాకకి వెళ్లింది.

"వదినా, నువ్వు అంచున నిలబడుతుంటే నీ డెక్కల కింద లేత మొలకలు నలిగిపోతున్నాయి. కొన్నాళ్లు అటు రాకు."

"అయ్యో, అలాగా! నేను చూసుకోలేదు వదినా. మంచిపని చేశావు చెప్పి" అంది గవరమ్మ. మర్నాటి నుంచి రాలేదు.

మధ్యాహ్నాలు వరహాలమ్మ కూతుళ్లనీ కోడళ్లనీ వెంటేసుకుని పచ్చిక మీదికి వెళ్లింది. గూటి కింద పేరుకున్నదంతా కాళ్లతో గీరి మోసింది. వేసినదాని మీద మళ్లీ వేయించింది.

"ముక్కు పగిలిపోతోంది అత్తా" అంది చిన్న కోడలు.

"అది కంపు కాదే, బలం."

మూడో రోజున పచ్చిక రంగు తిరిగింది. నిజంగానే ముదురు ఆకుపచ్చ. వరహాలమ్మ గుండె గంతులేసింది. సాయంత్రం అందరూ వచ్చి చూశారు. వరహాలమ్మ మెడ సాచి, పొగడ్త పడటానికి వీలుగా నిలబడింది.

"గవరమ్మ ఎరువంటే గవరమ్మ ఎరువే!" అంది ముసలి గొర్రె.

"చేతి చలవ" అంది ఇంకో మేక.

"నా ఆలోచన" అన్నాడు వీరాస్వామి.

వరహాలమ్మ నోరు తెరిచింది. నాది అని చెప్పాలి. చెబితే, వద్దన్న పని దొంగతనంగా చేశానని చెప్పాలి. నోరు మూసుకుని గూటికి నడిచింది. ఆ మెప్పు ఒక్కటే గవరమ్మకి పోకపోయి ఉంటే ఆవిడ అక్కడితో ఆగేదేమో. మర్నాడు మధ్యాహ్నం రెండింతలు వేసింది. రంగు ఇంకా ముదిరితే, ఎవరిదో పచ్చికే చెబుతుందనుకుంది.

పచ్చిక చెప్పింది. అయిదో రోజున ఆకుల కొనలు పసుపుపచ్చన తిరిగాయి. ఏడో రోజుకి అక్కడక్కడా పళ్లెమంత మచ్చలు. తొమ్మిదో రోజుకి మచ్చలన్నీ కలిసిపోయి, బీడంతా మాడిపోయిన గడ్డి. గాలి వీస్తే కొనలు విరిగి దుమ్ములా లేచాయి. కొన్ని మూలల్లో మాత్రం పచ్చదనం మిగిలింది.

సభ కూడింది. "గవరమ్మ ఎరువు పాడుది" అన్నాడు వీరాస్వామి. "నాకు మొదటినుంచీ నమ్మకం లేదు."

గవరమ్మ వంగి, మట్టి వాసన చూసి, నొసలు ముడిచింది. "ఇది ఎరువు చాలక ఎండినట్టు లేదు. ఏదో వేడి తగిలినట్టుంది. ఎవరైనా ఏమైనా వేశారా? చెబితే ఇంకా మించిపోలేదు. రోజూ నీళ్లు పెట్టి కడిగేస్తే మిగిలిన మూలలైనా నిలబడతాయి."

వరహాలమ్మ నేలని గీరింది, అక్కడేదో గింజ ఉన్నట్టు.

"తన తప్పు పక్కవాళ్ల మీదికి తోస్తోంది" అంది నిన్నటిదాకా చేతి చలవ అన్న మేక. గవరమ్మ తల దించుకుని పాకలోకి వెళ్లిపోయింది. అంత పెద్ద ఒళ్లు అంత చిన్నదైపోవడం వరహాలమ్మ కళ్లారా చూసింది. ఇన్నాళ్లూ కోరుకున్నది అదే. చల్లగా ఉంది. ఒక గింజ మింగేంతసేపు చల్లగా ఉంది.

ఆ వారమే పైడమ్మ ఈనింది. ముగ్గురు పిల్లలు. ఒకడు నలుపు, ఒకడు గోధుమరంగు, మూడోది తెల్లటి ఆడపిల్ల. ముగ్గురూ పొదుగు కింద కుమ్ముకుంటున్నారు, పాలు చాలడం లేదు. వరహాలమ్మ దొడ్డి గుమ్మంలో నిలబడింది.

"పిన్నీ, ఏ మూలైనా గడ్డి మిగిలిందా?"

"రెండు పూటలకి సరిపడా ఉంటుందే."

ఆ రెండు పూటలూ అయిపోయాయి. నాలుగో రోజు ఎండ ఎక్కాక పైడమ్మ లేచింది. కాళ్లు ఇంకా వణుకుతున్నాయి. "ఏం చెయ్యను పిన్నీ, కొండకే పోతాను" అంది. పిల్లలు ముగ్గురూ గెంతుతూ తల్లి వెనక వెళ్లారు.

వరహాలమ్మ కళ్లం వెనక్కి వచ్చింది. ఎందుకో కంచె వైపు చూసింది. ఇన్నాళ్లూ మధ్యాహ్నమైతే చాలు జోగులు అక్కడ కూర్చుని, "ఎలా ఉందక్కా పచ్చిక? ఇంకొంచెం వెయ్యరాదూ" అని అడిగి వెళ్లేవాడు. ఇవాళ లేడు. అతను కూర్చున్న చోట గడ్డి అణిగి ఉంది. అడుగుల జాడ కొండ దారిలోకి తిరిగింది.

అప్పుడు తెలిసింది వరహాలమ్మకి. జోగులుకి ఆవిడ ఎరువుతోనూ పని లేదు, ఆవిడకి జరిగిన అన్యాయంతోనూ పని లేదు. కింద గడ్డి ఉంటే పైడమ్మ కొండెక్కదు. అంతే అతని లెక్క. మిగతాదంతా ఆవిడ చేత చేయించాడు.

కోడి పరిగెత్తితే చూడ్డానికి నవ్వొస్తుంది. వరహాలమ్మ పరిగెత్తింది. గవరమ్మ పాకలో పడి, ఊపిరాడకుండా కక్కేసింది.

"నేనే వదినా! పచ్చిది నేనే వేశాను. నీళ్లు ఆపింది నేనే. నీ డెక్కల కింద ఒక్క మొలక నలగలేదు. జోగులు చెప్పాడు, నేను చేశాను. వాడు కొండ మీదికి పోయాడు. పైడమ్మ పిల్లల్తో వెళ్లింది."

గవరమ్మ ఆవిడ వైపు చూసింది. నెమరు ఆగింది. "ఎంతసేపయింది?"

"ఇప్పుడే."

"మిగతాది తర్వాత చెబుదువుగాని" అంది గవరమ్మ. ఎండవేళ మెడకి కట్టే పలుపుని ఒక్క గుంజుకి తెంపుకుంది. గేదె కొండెక్కడం ఆ కళ్లంలో ఎవరూ చూడలేదు. రాళ్లు దొర్లిపడుతున్న చప్పుడు కిందిదాకా వినిపించింది. పైన వీరాస్వామి, "పలుపు తెంపుకుంది! క్రమశిక్షణ లేదు!" అని అరుస్తున్నాడు.

పొద్దు వాలకముందే దిగారు. ముందు పైడమ్మ, వెనక గవరమ్మ. గవరమ్మ ముక్కు మీద గీరుకుపోయి నెత్తురు. ఇద్దరి మధ్య నల్లవాడూ, గోధుమరంగువాడూ. ఆడపిల్ల లేదు.

పైడమ్మ నేరుగా వరహాలమ్మ దగ్గరికి వచ్చింది. కళ్లు ఎండిపోయి ఉన్నాయి. "పిన్నీ, నువ్వే పరిగెత్తుకెళ్లి చెప్పావట. అత్త రాకపోతే ముగ్గురూ పోయేవారే. నువ్వుండబట్టి ఇద్దరు మిగిలారు."

వరహాలమ్మ గవరమ్మ వైపు చూసింది. గవరమ్మ ఏమీ చెప్పలేదని అర్థమైంది. చెప్పబోవడం లేదనీ అర్థమైంది. నక్క తనని మోసం చేసినప్పుడు కూడా అంత నొప్పి కలగలేదు.

మర్నాడు సభలో వీరాస్వామి తీర్పు చదివాడు. "పచ్చిక పాడవడానికి కారణం గవరమ్మ ఎరువు. ఇకమీదట ఆవిడ ఎరువు ఈ కళ్లంలో ఎక్కడా వాడకూడదు. ఆవిడ..."

"ఆపు" అంది వరహాలమ్మ.

తొలిసారి అందరూ ఆవిడ వైపు తల తిప్పారు. ఆవిడ మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. జోగులు మాటలు చెప్పింది, మిట్టమధ్యాహ్నాలు చెప్పింది, రెండింతలు వేసిన రోజు చెప్పింది. ఎందుకు వేసిందో అడగకపోయినా అదీ చెప్పింది. "దాని పేడకి మర్యాద ఉందని. నాదానికి లేదని. అంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటే బావుండేది, లేదు."

"నేను మొదటి నుంచీ ఈవిణ్ణే అనుమానిస్తున్నాను" అన్నాడు వీరాస్వామి. సభ తలూపింది.

పైడమ్మ ఇద్దరు పిల్లల్నీ లేపుకుని దొడ్డిలోకి వెళ్లిపోయింది.

గవరమ్మ పది రోజులు కాలువకీ బీడుకీ తిరిగి మట్టిని కడిగింది. పిచ్చుకలు మళ్లీ గింజ తెచ్చాయి. కుప్ప అడుగున మిగిలిన పాత ఎరువు పల్చగా చల్లి మళ్లీ విత్తారు. ఈసారి దానిమీద ఎవరూ ఏమీ వెయ్యలేదు. నెల తిరిగేసరికి నాలుగు వేళ్ల ఎత్తు పచ్చిక లేచింది. పైడమ్మ పిల్లలిద్దరూ అందులోనే మేత నేర్చుకున్నారు. జోగులు మాత్రం ఏమీ పోగొట్టుకోలేదు. కడుపు నిండా తిన్నాడు.

ఇందులో నీతి ఒకటే: పక్క ఆడదాని మర్యాద చూసి నీ కడుపు మండినప్పుడు, ఆ మంటతో ఎవడు వండుకుంటున్నాడో ముందు చూడు.

వరహాలమ్మ ఆ తర్వాత గూట్లో ఉండలేదు. కొండ దారి మొదట్లో ఉన్న తుమ్మచెట్టు ఎక్కి కూర్చుని, చచ్చిపోయేదాకా, జోగులు కనిపించినప్పుడల్లా అరిచింది.